చెరువు గట్టు మీద బ్యాటరీ బాక్సుకి 65సీ02 పెట్టొచ్చా?

గట్టుమీద, భీమవరం:
మాది వనామీ రొయ్యల చెరువండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అందుకే 15 నిమిషాలకోసారి డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) రీడింగ్ రాసిపెట్టే బ్యాటరీ బాక్సు నేనే చేద్దామనుకుంటున్నా. 65సీ02 అనే ప్రాసెసర్ చిప్పుతో చేస్తానంటే స్నేహితులు పాత సామాను అంటున్నారు. అది పూర్తి స్టాటిక్ సీమాస్ (తక్కువ కరెంటు లాగే రకం) చిప్పు. క్లాక్ (దాన్ని అడుగడుగునా నడిపే పల్సు) ఆపేసినా రిజిస్టర్లలో, అంటే లోపలి చిన్న మెమరీలో, ఉన్నది పోదు. డబ్ల్యూఏఐ అనే ఇన్‌స్ట్రక్షన్ ఇస్తే ఇంటరప్ట్ (బయటి నుంచి లేపే సిగ్నల్) వచ్చేదాకా నిద్రపోతుంది. బ్యాటరీకి ఇంతకన్నా ఏం కావాలి?

ఉప్పుగాలి, నరసాపురం:
చిప్పు నిద్రపోతుంది తమ్ముడూ, దాని పక్కనున్నవి నిద్రపోవు. దానికి ర్యామ్, రోమ్, 65సీ22 (ఇన్‌పుట్, ఔట్‌పుట్ చిప్పు), ఏడీసీ (సెన్సార్ వోల్టేజీని అంకెగా మార్చేది) అన్నీ బయట పెట్టాలి. క్లాక్ ఇచ్చే రెడీమేడ్ ఆసిలేటర్ ఒక్కటే ఆగకుండా మిల్లీఆంపులు లాగేస్తుంది. ఎంఎస్‌పీ430 లాంటి మైక్రోకంట్రోలర్‌లో ఇవన్నీ లోపలే ఉంటాయి, నిద్రలో మైక్రోఆంపులతో సరిపెట్టుకుంటుంది. పైగా ఉప్పునీటి చెరువుల దగ్గర ఐసీ సాకెట్లకి చిలుము పడుతుంది. 40 కాళ్ల చిప్పులు రెండు, మెమరీలు వేరే. ఎక్కడ కాంటాక్ట్ పోయిందో ఎవరు వెతుకుతారు? ఆక్సిజన్ అందకపోతే ఒక్క రాత్రిలో పంటంతా పోతుంది. అక్కడ ప్రయోగాలు వద్దు.

మాస్టారు, అమలాపురం:
గట్టు విషయంలో ఆయన చెప్పిందే రైటు. పాత సామాను అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. 1975లో 25 డాలర్లకి వచ్చిన, దీనికి మూలమైన 6502ని డిజైన్ చేసినవాళ్లలో బిల్ మెన్ష్ ఒకరు. ఆయనే తర్వాత వెస్టర్న్ డిజైన్ సెంటర్ పెట్టి దాన్ని సీమాస్‌లో చేశారు. 1984లో యాపిల్ టూసీ కంప్యూటర్‌లో వాడింది ఈ 65సీ02నే. ఇవాళ్టికీ కొత్తవి దొరుకుతున్నాయి.

నా బాధ వేరే. ల్యాబులో 8085 అనే ఇంకో ప్రాసెసర్ కిట్ మీద పిల్లలు హెక్స్ కోడ్ (16 అంకెల పద్ధతిలో రాసిన ప్రోగ్రామ్) కొడతారు, జవాబు వస్తే రికార్డు మీద సంతకం పెట్టేస్తాం. మధ్యలో బస్సు (చిప్పుని మెమరీతో కలిపే తీగలు) మీద ఏం జరిగిందో వాళ్లెవరూ చూడరు. 65సీ02 క్లాక్‌కి ఒక పుష్ బటన్, 16 అడ్రస్ లైన్లకీ ఎల్ఈడీలు పెట్టండి. బటన్‌కి డీబౌన్స్ సర్క్యూట్ ఉండాలి, లేకపోతే ఒక్క నొక్కుకి నాలుగైదు అడుగులు పడతాయి. రీసెట్ అయ్యాక ఒక్కో క్లాక్ ఇస్తూ పోతే, ఒకచోట చివరి రెండు తప్ప 14 లైట్లూ వెలుగుతాయి. అది హెక్స్‌లో ఎఫ్ఎఫ్ఎఫ్‌సీ అనే అడ్రస్. ఇంకోసారి నొక్కితే చివరి లైటు కూడా వెలుగుతుంది, ఎఫ్ఎఫ్ఎఫ్‌డీ. ఆ రెండు అడ్రసుల్లో ఉన్న బైట్లూ కలిపితే ప్రోగ్రామ్ మొదలయ్యే చోటు. తర్వాతి నొక్కుకి అక్కడికే వెళ్తుంది. సీమాస్‌కి ముందు రకమైన ఎన్‌మాస్‌తో చేసిన పాత 6502 క్లాక్‌ని ఇలా ఆపితే లోపలున్నది చెరిగిపోయేది. ఎంఎస్‌పీ430 లాంటి మైక్రోకంట్రోలర్‌లో ఈ బస్సు బయటికే రాదు.

ఈసీఈ ఫైనలియర్, కాకినాడ:
అయితే సిలబస్‌లో 8085 తీసేయాలంటారా మాస్టారూ? పరీక్షలకి చదివేవాళ్లకి టెన్షన్ అవుతుంది.

మాస్టారు, అమలాపురం:
తీసేయమనను. మొదటి రెండు ల్యాబుల్లో ఈ పని చేయించి, తర్వాత కిట్ ఇవ్వమంటున్నా.

గట్టుమీద, భీమవరం:
అయితే చెరువు దగ్గర మైక్రోకంట్రోలరే పెడతా. 65సీ02 ఇంట్లో బ్రెడ్‌బోర్డు మీద కడతా. ఉప్పుగాలి గారూ, బోర్డుకి ఏమైనా పూత వెయ్యాలా?

ఉప్పుగాలి, నరసాపురం:
కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా కాపాడే పలచని పూత) వెయ్యి. ముందు కనెక్టర్లకి టేప్ అంటించు, పూత లోపలికి పోతే సెన్సార్ రీడింగే రాదు.