నాటాల్ ఓడల జాబితాలో దొరికిన ఊరే మన మూలమని వంశవృక్షంలో రాసేయొచ్చా?

సర్వేనంబర్:
1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు ఒప్పంద కూలీలుగా ఓడెక్కిన 1,52,184 మంది జాబితా నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. కలోనియల్ నంబరు (ఒక్కో కూలీకి అక్కడ ఇచ్చిన సంఖ్య), తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చలతో సహా ఉన్నాయి. ఇంత ఉన్నాక డబ్బు కట్టే సైట్లు దేనికి? ఊరు దొరికింది, రాసేయండి. ఇదీ నా వాదన.

పాతదస్త్రం:
అది మీ మనిషి వరసేనని ఎలా తేల్చారు సర్వేనంబర్ గారూ? రామసామిలు, అప్పలసామిలు ఆ జాబితాలో కుప్పలు తెప్పలు. నాయుడు, రెడ్డి అని వెతికితే ఇంకా దారుణం, అవి ఇంటిపేర్లు కావు. పేరుతో కాదు, నంబరుతో మొదలుపెట్టాలి. నాటాల్‌లో పుట్టిన పిల్లల పాత సర్టిఫికెట్లలో, పెళ్లి కాగితాల్లో తల్లిదండ్రుల కలోనియల్ నంబర్లు రాసేవారు. ముందు ఇంట్లో ఆ కాగితం వెతకాలి.

లేకపోతే వంశవృక్షాల సైట్ ఫ్యామిలీసెర్చ్‌లో ఉచిత ఖాతా తెరిచి పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఎస్టేట్ ఫైళ్లు (చనిపోయినవారి ఆస్తి కాగితాలు, 1846–1950) చూడండి. అందులో డెత్ నోటీసు ఉంటే తల్లిదండ్రుల పేర్లు, పుట్టినచోటు, పిల్లల పేర్లు దొరుకుతాయి. నింపింది బంధువులు కాబట్టి పుట్టినచోటు దగ్గర ఉత్త 'ఇండియా' అని ఉండటం మామూలే. కెమెరా గుర్తు మీద తాళంచెవి కనిపిస్తే ఆ బొమ్మ ఇంటినుంచి తెరుచుకోకపోవచ్చు, వాళ్ల సెంటర్‌కో అనుబంధ లైబ్రరీకో వెళ్లాలి. దక్షిణాఫ్రికా ఆర్కైవ్స్ వాళ్ల 'నార్స్' సూచికలో నాటాల్ కాగితాలుండే ఎన్.ఏ.బి. డేటాబేస్ ఎంచుకుని వెతకండి. ఇండియన్ ఇమిగ్రేషన్ కాగితాలకు సోర్స్ కోడ్ 'ఐఐ'. అక్కడ ఫైలు నంబరు మాత్రమే వస్తుంది, కాగితం బొమ్మ రాదు.

సర్వేనంబర్:
సరే, నంబరు కలిసింది. తండ్రి పేరూ కలిసింది. ఇక ఊరి మీద అనుమానమెందుకు?

చికకోల్‌రోడ్:
ఊరు రాసింది చెవితో విన్న గుమాస్తా. పైగా జిల్లాలు ఇప్పటివి కావు. 'గంజాం' అనగానే ఒడిశా అనుకుంటున్నారు. చికకోల్, అంటే శ్రీకాకుళం, 1936 దాకా గంజాం జిల్లాలోనే ఉంది. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. 'నార్త్ ఆర్కాట్' అని ఉంటే తమిళులమని తేల్చేసుకునేవాళ్లూ ఉన్నారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు ఆ జిల్లాలోనే ఉండేది.

ఇక కొత్తవలసలు, కొత్తపేటలు ఎన్నని! జాబితాలోని తాలూకా పేరు పట్టుకుని, సెన్సస్ సైట్‌లో 1951, 1961 జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్‌లు దింపుకుని, ఆ తాలూకా గ్రామాల పట్టిక మొత్తం చదవాలి. ఇంగ్లిష్ స్పెల్లింగును పైకి చదివి చూడండి, కంటికంటే చెవే బాగా పట్టుకుంటుంది. ఒకే తాలూకాలో మూడు ఊళ్లు సరిపోతే మూడూ రాసుకోవాలి, నచ్చింది ఒకటి కాదు.

సర్వేనంబర్:
ఆ మూడింట్లో ఏదో ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల సైట్ మీభూమిలో తేలిపోదా? అందులోని 1-బీ పట్టికలో ఇంటిపేర్లు కనిపిస్తాయిగా.

పాతదస్త్రం:
అది ఇప్పటి పట్టాదారుల లెక్క. ఓడెక్కినవాడికి సెంటు భూమైనా ఉందో లేదో! ఉన్నా, విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీల్లో రైతుల లెక్కలు సర్కారు దగ్గర కాదు, జమీ కచేరీలో ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ఆ ఊళ్లకు రైత్వారీ రికార్డు, అంటే రైతు పేరున సర్కారు లెక్క, మొదలైంది. మధ్యలో దశాబ్దాల ఖాళీ. సెన్సస్ పూడుస్తుందనీ ఆశపడొద్దు: బ్రిటన్‌లోలా మనిషి మనిషి వివరాలు ఇక్కడ ఎప్పుడూ బయటపెట్టరు, 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ఒప్పుకోదు.

చికకోల్‌రోడ్:
అక్కడ నేను కాస్త తేడా పడతాను. ఇంటిపేరు తెలిసినవాళ్లకు ఓటర్ల జాబితా పనికొస్తుంది. ఊరివారీగా పీడీఎఫ్ దింపుకుంటే పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటినంబరు, వయసు వస్తాయి. చాలావరకు బొమ్మ పేజీలే, వెతుకు బటన్ పనిచేయదు, కళ్లతో చదవాల్సిందే. మూడు ఊళ్లలో ఆ ఇంటిపేరు ఒక్కదాంట్లోనే గుంపుగా కనిపిస్తే అది రుజువు కాదు గానీ, ఫోను ఎక్కడికి చేయాలో చెబుతుంది. నాటాల్ వైపు ఇంటిపేరే మిగలకపోతే ఈ దారి మూసుకున్నట్టే.

సర్వేనంబర్:
మరి వృక్షంలో ఏం రాయాలి? ఖాళీ వదిలేయాలా?

పాతదస్త్రం:
ఖాళీ వద్దు. జాబితాలో ఉన్న స్పెల్లింగు అక్షరం మార్చకుండా, అప్పటి జిల్లా, తాలూకా పేర్లతో రాయండి. పక్కన కలోనియల్ నంబరు, ఓడ పేరు, దిగిన తేదీ వేయండి. ఇప్పటి ఊరు మీ ఊహ కనుక నోట్స్‌లో పెట్టండి. ఫ్యామిలీసెర్చ్ వృక్షం అందరిదీ, ఎవరైనా దిద్దొచ్చు. ఒకసారి మ్యాప్‌లో పిన్ను గుచ్చారంటే పదిమంది కాపీ కొడతారు.

సర్వేనంబర్:
నోట్స్ ఎవరు చదువుతారండీ! బ్రాకెట్లో 'బహుశా' అని పెట్టి ఊరు కూడా రాస్తాను.