టాన్సిల్స్ ఆపరేషన్ తరువాత అయిదో రోజున నొప్పి పెరిగింది

ప్రశ్న (విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ నుండి ఒక తల్లి):
మా అమ్మాయికి పదిహేనేళ్లు, బరువు 48 కిలోలు. టాన్సిల్స్ తీయించి నేటికి అయిదు రోజులు. మొదటి రెండు రోజులు బాగానే ఉన్న పిల్ల ఇప్పుడు గుటక వేసినప్పుడల్లా చెవిలో పొడుస్తోందని ఏడుస్తోంది. గొంతులో తెల్లటి పొర కనబడుతోంది. మంచినీళ్లు కూడా ముట్టడం లేదు. మాత్రలు ఎక్కువైతే మంచిది కాదని మా అత్తగారు అనడంతో, నొప్పి భరించలేనప్పుడు మాత్రమే డోలో 650 (పారాసెటమాల్ మాత్ర) ఇస్తున్నాము. గొంతు చీము పట్టిందేమోనని భయంగా ఉంది.

జవాబు 1 (గాజువాక, చెవి ముక్కు గొంతు వార్డులో నర్సు):
అమ్మా, ఆ తెల్లటి పొర చీము కాదు, పుండు మానేటప్పుడు కట్టే పక్కు. అది ఊడే రోజుల్లోనే నొప్పి మళ్లీ పెరుగుతుంది. మొత్తం మీద పది నుండి పద్నాలుగు రోజులు పట్టవచ్చు, పైగా చిన్నపిల్లల కంటే ఈ వయసువారికి బాధ ఎక్కువే. గొంతుకూ చెవికీ ఒకే నరం శాఖలు వెళ్లడం వల్ల గొంతు నొప్పి చెవిలో తెలుస్తుంది.

నొప్పి ముదిరాక మాత్ర వేస్తే అది పనిచేసేలోగా పిల్ల నీళ్లు మానేస్తుంది, గొంతు ఎండిపోయి నొప్పి రెట్టింపవుతుంది. అందుచేత పారాసెటమాల్‌ను మీ డాక్టరు రాసిన మోతాదులో ఆరు గంటలకొకసారి, ఈ కొద్ది రోజులు రాత్రి లేపి అయినా ఇవ్వండి. రోజుకు నాలుగు మోతాదులు దాటకూడదు. డోలోతో పాటు కాంబిఫ్లామ్ కలపవద్దు, అందులోనూ పారాసెటమాల్ ఉంటుంది. ఆస్పిరిన్ అసలే వద్దు. ఇంట్లో మిగిలిన కోడీన్ దగ్గు మందు, ట్రమడాల్ అనే నొప్పి మందు కూడా ఇవ్వకండి; టాన్సిల్స్ తీసిన 18 ఏళ్లలోపు పిల్లలకు అవి ఊపిరి మందగింపజేసే ప్రమాదం ఉంది.

జవాబు 2 (సీతమ్మధార):
మా అబ్బాయికి మాత్ర వేసిన అరగంటకు చల్లారిన రాగి జావ, పులుపు లేని మజ్జిగ, మెత్తటి పెరుగన్నం పెట్టేవాళ్లం. ఎనిమిదో రోజున బాగానే ఉన్నానంటూ బీచ్ రోడ్డులో కారం, నిమ్మకాయ రాసిన మొక్కజొన్న పొత్తు తిని వచ్చాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

జవాబు 3 (నర్సు):
ఒక్క మాట మరిచాను. అయిదు నుండి పది రోజుల మధ్య ఎర్రటి రక్తం ఉమ్మినా, నిద్రలో పదే పదే గుటకలు వేస్తున్నా, పన్నెండు గంటలుగా మూత్రం రాకపోయినా తెల్లవారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా కె.జి.హెచ్. (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగి, వేళ ప్రకారం ఇవ్వడం మొదలుపెట్టాము. ఇప్పుడే అర గ్లాసు మజ్జిగ తాగింది. రాత్రి రెండు గంటలకు అలారం పెట్టుకున్నాను.