ఏఐ గొంతుతో తెలుగు వాయిస్ ఓవర్: రోబోలా వినిపించకుండా ఉండాలంటే ఏం చేయాలి?

పాఠాలబల్ల:

హైస్కూల్ పిల్లల కోసం ఫిజిక్స్ పాఠాలు చిన్న చిన్న వీడియోలుగా చేస్తున్నాను. బొమ్మలు, యానిమేషన్ నేనే చేసుకుంటాను, అక్కడ ఇబ్బంది లేదు. ఇబ్బందంతా గొంతుతోనే. మా ఇల్లు రోడ్డు పక్కనే, రికార్డ్ చేద్దామని కూర్చోగానే హారన్లు మొదలవుతాయి. పైగా క్లాసులో గంటసేపు ఆగకుండా చెప్పేవాణ్ణి మైకు ముందు నాలుగు వాక్యాలకే తడబడిపోతాను. అందుకే ఏఐ వాయిస్‌కి మారాను.

మొదటి రోజు విన్నప్పుడు నిజంగా సంతోషం వేసింది, ఇంత స్పష్టంగా తెలుగు చదువుతుందని అనుకోలేదు. కానీ 8 నిమిషాల పాఠం మొత్తం ఒకేసారి పేస్ట్ చేసి తీస్తే మొదట్లో ఒక మనిషి, చివర్లో ఇంకెవరో చదివినట్టు వచ్చింది. "9.8 మీ/సె²" దగ్గర ఏం చదివిందో నాకే అర్థం కాలేదు. "చుక్క" అన్న మాటలో చ ని "చిలక"లో చ లాగా పలికింది. పిల్లలు కామెంట్లలో "సార్, రోబోతో చెప్పిస్తున్నారా" అని అడుగుతున్నారు, అది చదివాక చాలా బాధనిపించింది.

ఇంకా 40 పాఠాలు చేయాలి. టూల్ మార్చాలా, లేక నేను వాడే పద్ధతిలోనే తప్పుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

చెవిపట్టు:

రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. టూల్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ స్క్రిప్టు చూడాలి. మనం రాసేది కంటికి, ఈ గొంతు చదివేది చెవికి. "ఎత్తు నుండి జారవిడవబడిన వస్తువు యొక్క వేగం ప్రతి సెకనుకు పెరుగుచుండుట" అని పుస్తకంలో ఉన్నట్టే ఇస్తే మంచి అనౌన్సర్ కూడా దాన్ని బతికించలేడు. "ఒక రాయిని పై నుంచి వదిలేశాం. సెకను గడిచేకొద్దీ దాని వేగం పెరుగుతోంది. ఇలా వేగం మారే తీరునే త్వరణం అంటాం." ఇలా ఇచ్చి చూడండి, అదే టూల్, అదే గొంతు, తేడా మీకే తెలుస్తుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది కదా, వాక్యం పొడుగైతే అసలు మాట వచ్చేసరికి గొంతులో నొక్కు తగ్గిపోతుంది, చివరి పదాలన్నీ ఒకే రాగంలో పడిపోతాయి. మీ పిల్లలకు రోబోలా వినిపించింది చాలావరకు అదే అని నా నమ్మకం.

మొత్తం పాఠం ఒకేసారి ఇవ్వకండి. ఒక్కో పేరా విడిగా ఇచ్చి, ఒక్కోదాన్ని మూడుసార్లు చదివించి, బాగున్నది ఉంచుకోండి. పాత టీటీఎస్ (టెక్స్ట్‌ను గొంతుగా మార్చే సాఫ్ట్‌వేర్) అంటే ఎవరో చదివిన రికార్డింగును ముక్కలు చేసి అతికించేది, అందుకే ఎన్నిసార్లు నొక్కినా ఒకేలా వచ్చేది. 2016లో గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ వాళ్ల వేవ్‌నెట్ అనే ఏఐ మోడల్ వచ్చాక దారి మారింది, ధ్వని తరంగాన్నే మోడల్ శాంపిల్ తర్వాత శాంపిల్‌గా, అంటే చిన్న చిన్న బిందువులుగా, పుట్టించడం మొదలైంది. ఇప్పటి వాటిలో చాలావరకు ప్రతిసారీ కొత్తగా అంచనా వేసి పలుకుతాయి, కాబట్టి ఒకే వాక్యం ఒకసారి అద్భుతంగా, ఇంకోసారి చప్పగా రావచ్చు. పొడుగు టెక్స్ట్ ఇస్తే గొంతు పక్కకు జారేదీ ఇందువల్లే. స్టెబిలిటీ అనే స్లైడర్ ఉంటే మధ్యలో పెట్టుకోండి, బాగా పెంచితే గొంతు ఒకే మట్టంలో చప్పగా ఉంటుంది, బాగా తగ్గిస్తే ఎక్కడెక్కడికో పోతుంది.

అంకెలు, గుర్తులు అన్నీ అక్షరాల్లో రాయండి. "తొమ్మిది పాయింట్ ఎనిమిది మీటర్ పర్ సెకండ్ స్క్వేర్" అని క్లాసులో ఎలా అంటారో అలాగే. 1687 అని సంవత్సరం ఉంటే "పదహారు వందల ఎనభై ఏడు" అని రాసేయండి, లేకపోతే అది ఇంగ్లీషులో చదువుతుందో వేలల్లో చదువుతుందో చెప్పలేం.

ఇక చ సంగతి. ఇది టూల్ తప్పు మాత్రమే కాదు, మన లిపిలోనే ఉంది. చుక్క, చాప, చల్లదనం అన్న తెలుగు మాటల్లో పలికేది దంత్య చ (నాలుక పళ్లకు తగిలి "త్స"కు దగ్గరగా వినిపించేది), చలనం, చంద్రుడు అన్న సంస్కృత మాటల్లో పలికేది తాలవ్య చ (నాలుక అంగిలికి తగిలేది), కానీ రెండింటికీ రాసేది ఒకటే అక్షరం. జ కూడా అంతే: జడత్వంలో జ వేరు, జారుడుబల్లలో జ వేరు. మనకు పుట్టుకతో తెలుసు కాబట్టి గమనించం, మోడల్ మాత్రం విన్నదాన్ని బట్టి ఊహించాలి. తరచుగా వాడే మాటలు సరిగ్గానే పలుకుతుంది, అరుదైనవి వస్తే తప్పుతుంది. ఈ తేడా చూపించే ౘ, ౙ అక్షరాలు 2008 నుంచి యూనికోడ్‌లో ఉన్నాయి, నేను వాటితో ప్రయత్నిస్తే ఒక టూల్ ఆ అక్షరాన్నే మింగేసింది. "త్సుక్క" అని రాస్తే ఒక్కోసారి పనిచేసింది. పని చేయని చోట "బిందువు" అని మాట మార్చుకున్నాను.

టూల్స్ అంటారా, మైక్రోసాఫ్ట్ అజూర్‌లో శ్రుతి, మోహన్ అని రెండు తెలుగు గొంతులున్నాయి. ఎస్‌ఎస్‌ఎంఎల్ ట్యాగులు (ఎలా చదవాలో టెక్స్ట్‌లోనే చెప్పే గుర్తులు) తీసుకుంటుంది కాబట్టి ఎక్కడ ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలో చెప్పొచ్చు, పాఠాలకు ఇది చాలా ఉపయోగం. భావం కావాలంటే ఎలెవెన్‌ల్యాబ్స్ వీ3 చూడండి, తెలుగు చదువుతుంది, గుసగుస, నిట్టూర్పు లాంటి సూచనలు చదరపు బ్రాకెట్లలో ఇవ్వొచ్చు. కంప్యూటర్ మీద పట్టున్నవాళ్లైతే ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్ల ఇండిక్ పార్లర్ టీటీఎస్ ఉంది, గొంతు ఎలా ఉండాలో మాటల్లో వర్ణిస్తే అలా చదువుతుంది, మోడల్ ఉచితం.

వినేవాణ్ణి:

పైన చెప్పినవన్నీ నిజమే కానీ నా మాట వేరు. పిల్లలకు మీ గొంతు తెలుసు, అదే కావాలి వాళ్లకి. మూసిన అల్మారా ముందు దుప్పటి కప్పుకుని రాత్రి పదకొండుకి రికార్డ్ చేయండి, తడబడిన చోట చప్పట్లు కొట్టి మళ్లీ చెప్పండి, ఎడిటింగ్‌లో ఆ చప్పట్ల గీత పైకి లేచి కనిపిస్తుంది, అక్కడ కోసేయడమే. నేను ఒక ఏడాది ఇలాగే చేశాను. మొదటి పది వీడియోలు కష్టం, తర్వాత అలవాటైపోతుంది.

గొంతుపని:

డబ్బింగ్, వాయిస్ ఓవర్ నా వృత్తి. ఏఐ వద్దని చెప్పడానికి రాలేదు, మీ పాఠాలు పిల్లలకు చేరాలనే నాకూ ఉంది. రెండు విషయాలు మాత్రం చెప్పాలి.

ఒకటి. పాఠంలో ప్రాణం ఉండేది నొక్కు దగ్గర. "వేగం వేరు, వడి వేరు" అన్న వాక్యంలో "వేరు" మీద బరువు వేయాలా, "వడి" మీద వేయాలా అన్నది పాఠం చెప్పేవాళ్లకే తెలుసు, టెక్స్ట్ చూసి మోడల్‌కు తెలియదు. అందుకే టెక్స్ట్ నుంచి గొంతు కాకుండా గొంతు నుంచి గొంతు పద్ధతి చూడండి, చాలా టూల్స్‌లో వాయిస్ ఛేంజర్ అనే పేరుతో ఉంటుంది. మీరు ఫోన్‌లోనే చెప్పండి, కాస్త తడబడినా పర్వాలేదు, మీ విరామాలు, మీ నొక్కులు అలాగే ఉండి గొంతు మాత్రం మారుతుంది. పలికింది మీరే కాబట్టి పైన చెప్పిన చ, జ ఇబ్బంది కూడా చాలావరకు తీరుతుంది. పాఠం అంతా అక్కర్లేదు, ముఖ్యమైన వాక్యాలకు చేస్తే చాలు.

రెండు. ఎవరి గొంతు వాడుతున్నారో తెలుసుకోండి. కెనడాకు చెందిన వాయిస్ ఆర్టిస్ట్ బెవ్ స్టాండింగ్ అనువాదాల కోసమని చదివి ఇచ్చిన రికార్డింగుల నుంచి తయారైన గొంతు టిక్‌టాక్‌లో ఎంతోమంది వీడియోల్లో వినిపించింది. నన్ను అడగలేదని ఆమె 2021లో కేసు వేశారు, అదే ఏడాది రాజీ కుదిరింది. ఆపిల్ ఫోన్లలో మాట్లాడే సిరి గొంతుగా అందరికీ తెలిసిన సుసాన్ బెన్నెట్ 2005లో ఎందుకో తెలియకుండానే వాక్యాలు చదివారు, 2011లో సిరి వచ్చాక తోటి ఆర్టిస్ట్ ఒకరు చెబితే గానీ అది తన గొంతని ఆమెకు తెలియలేదు. ఇవి విన్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది, ఎందుకంటే ఈ పనిలో మాకున్నదంతా ఆ గొంతే. పేరున్న నటుడి గొంతును, పక్కింటి టీచర్ గొంతును కూడా, అడగకుండా క్లోన్ చేయకండి, అంటే ఏఐతో దాని నకలు తీయకండి. మీ సొంత గొంతునే క్లోన్ చేసుకుంటే ఏ గొడవా ఉండదు, ప్రశాంతమైన చోట ఒకటి రెండు నిమిషాలు చదివితే మామూలు క్లోన్ వస్తుంది, అరగంటకు పైగా ఇస్తే ఇంకా దగ్గరగా వస్తుంది. పిల్లలకూ మీ సార్ గొంతే వినపడుతుంది, వినేవాణ్ణి గారు అడిగింది కూడా అదే కదా.

ఇంకో మాట, లైసెన్స్ చదవండి. ఉదాహరణకు ఎలెవెన్‌ల్యాబ్స్ ఉచిత ఖాతాతో తీసిన ఆడియోను డబ్బు సంపాదించే పనికి వాడకూడదు. వేరే వాళ్ల గొంతు క్లోన్ చేసి వాయిస్ ఓవర్‌గా పెడితే యూట్యూబ్‌లో ఆ సంగతి ప్రకటించాలి, 2024 మార్చి నుంచి అప్‌లోడ్ దగ్గరే ఆ గుర్తు పెట్టుకునే వీలుంది.

మిక్సింగ్‌డెస్క్:

సౌండ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి త్వరగా. ఏఐ ఆడియో వెనక అసలు ఏ శబ్దమూ ఉండదు, రెండు ముక్కల మధ్య పూర్తి నిశ్శబ్దం పడితే చెవికి గుచ్చుకుంటుంది. మీ గదిలో ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్లు రికార్డ్ చేసి చాలా తక్కువ వాల్యూమ్‌లో వీడియో పొడుగునా కింద పరవండి, ముక్కలన్నీ కలిసిపోతాయి. మ్యూజిక్ వేస్తే గొంతు కంటే 18, 20 డెసిబెల్స్ కిందే ఉంచండి, సూత్రం చెప్పేటప్పుడు పూర్తిగా తీసేయండి. మొత్తం లౌడ్‌నెస్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టిదనం కొలత) దగ్గర పెట్టండి. అంతకంటే గట్టిగా ఉంటే యూట్యూబ్ తగ్గిస్తుంది, మెల్లగా ఉంటే మాత్రం పెంచదు. ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలు తీసుకోండి. ఇవన్నీ ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా అయిపోతాయి.

పాఠాలబల్ల:

అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. వారం రోజులు కూర్చుని త్వరణం పాఠం మొదటి నుంచి మళ్లీ చేశాను, ఏం జరిగిందో రాస్తాను, ఇంకొకరికి పనికొస్తుంది.

స్క్రిప్టు పైకి చదువుతూ తిరగరాస్తే 8 నిమిషాల పాఠం 6 నిమిషాలకు వచ్చింది, అంటే రెండు నిమిషాలు నేను పుస్తకం భాషలో ఊరికే చుట్టూ తిరిగానన్నమాట. దుప్పటి కింద, రాత్రి హారన్లు తగ్గాక, 40 నిమిషాలు చదివి నా గొంతే క్లోన్ చేసుకున్నాను. ఎవరికోసమో చదువుతున్నట్టు కాకుండా పాత పాఠం నోట్సు చదివాను కాబట్టేమో తడబాటు కూడా తక్కువే. మామూలు వివరణ అంతా టెక్స్ట్ నుంచి తీశాను, పేరాకు మూడు టేకులు. ముఖ్యమైన ఐదారు వాక్యాలు ఫోన్‌లో చెప్పి అదే గొంతులోకి మార్చాను. గది శబ్దం కింద పరిచాక ముక్కలు ఎక్కడ అతికించానో నాకే దొరకలేదు.

మా ఆవిడకు వినిపిస్తే ఒక్క చోట ఆపింది. "జారుడుబల్ల మీద నుంచి" అన్న వాక్యంలో జ మళ్లీ తప్పు పలికింది. నాలుగు రకాలుగా రాసి చూశాను, రాలేదు. ఆ వాక్యం కూడా నేనే చెప్పి మార్చుకున్నాను. రేపు పొద్దున అప్‌లోడ్ చేస్తున్నాను, తర్వాతది జడత్వం పాఠం, అందులో జ లు చాలానే ఉన్నాయి, ముందే ఒక పట్టిక రాసి పెట్టుకుంటున్నాను.