పన్ను తీయించాక ఎముకల ఇంజక్షన్ ఎన్ని వారాలకు వేస్తారు?

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర. అమ్మకు 61 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక 14 నెలలుగా రోజూ లెట్రోజోల్ 2.5 మి.గ్రా. వేసుకుంటోంది. ఈ మాత్ర ఒంట్లో ఈస్ట్రోజన్‌ను బాగా తగ్గిస్తుంది, దాంతో ఎముకలు పలచబడతాయి. మొన్న ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్‌లో వెన్నెముక టి-స్కోరు మైనస్ 2.9 వచ్చింది, అంటే ఎముకలు బాగా గుల్లబారినట్టు. నడుం నొప్పితో పొద్దున్నే మంచం దిగడానికే పది నిమిషాలు పడుతోంది.

మాది ఉద్దానం కదా, కిడ్నీ భయం ఎప్పుడూ ఉంటుంది. కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ అమ్మకు 1.6 ఉంది, అంటే ఎక్కువే. అందుకే డాక్టరు గారు కిడ్నీలపై భారం పడే ఎముకల మందు జోలెడ్రోనిక్ యాసిడ్ వద్దని, ఆరు నెలలకోసారి చర్మం కింద వేసే ఎముకల ఇంజక్షన్ డెనోసుమాబ్ 60 మి.గ్రా. రాశారు. విటమిన్ డి 14 ఉంటే ముందు దాన్ని పెంచారు, ఇప్పుడు 34. కాల్షియం బాగానే ఉంది.

చిక్కంతా పన్ను దగ్గరే. ఈ మందుతో అరుదుగా దవడ ఎముక దెబ్బతింటుందట, పళ్ల పని ముందే ముగించమన్నారు. కింది దవడలో పుచ్చిన పన్ను 19 రోజుల కిందట తీయించాం. నొప్పి, చీము లేవు, కానీ గుంట ఇంకా పూర్తిగా పూడలేదు. పళ్ల డాక్టరును అడిగితే క్యాన్సర్ డాక్టరు చెప్పాలంటున్నారు. ఆయనేమో పళ్ల డాక్టరు చీటీ తెమ్మంటున్నారు. రెండుసార్లు విశాఖ వెళ్లి వచ్చాం, ఫోన్‌లో అడిగినా అదే జవాబు. ఆలస్యమైతే వెన్నుపూస విరుగుతుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది.

పన్ను తీయించుకున్నాక డెనోసుమాబ్ వేయించుకున్నవాళ్లు, అలాంటివాళ్లకు వైద్యం చేసిన డాక్టర్లు ఉంటే దయచేసి చెప్పండి: ఎన్ని వారాలు ఆగి మొదటి ఇంజక్షన్ వేశారు?