ఒక పూట అన్నం ఉంచుకుని బరువు తగ్గినవాళ్ళు ఉన్నారా?

ప్రశ్న (మారతహళ్ళి నుంచి):
మాది గుంటూరు. పదేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాం. నాకు 38 ఏళ్ళు, బరువు 79 కిలోలు. పోయినేడు కీటో (అన్నం, రొట్టెల్లాంటి పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి) చేసి మూడు నెలల్లో 8 కిలోలు తగ్గాను. సంక్రాంతికి ఊరెళ్ళి అమ్మ చేతి పప్పన్నం తిన్నాక మళ్ళీ ఆ పద్ధతికి వెళ్ళలేకపోయాను. ఉగాదికల్లా తగ్గిందంతా తిరిగొచ్చేసింది. ఇంట్లో అందరూ ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుంటుంటే నేనొక్కదాన్నే పనీరు ముక్కలతో కూర్చోవడం ఇక నా వల్ల కాదు. అన్నం తింటూనే తగ్గినవాళ్ళుంటే, మీరు ఏ పూట ఏం తింటారో కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (బనశంకరి నుంచి):
నేను తగ్గానండి. 14 నెలలు పట్టింది, 9 కిలోలు. కీటోలో పిండిపదార్థాలు రోజుకి 50 గ్రాములు దాటకూడదు కదా, నేను 120, 130 మధ్య ఉంచుకున్నాను. కీటో మొదటి వారంలో తగ్గేది చాలావరకు నీరే. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ (పిండిపదార్థాల నిల్వ) కరిగినప్పుడు దాన్ని పట్టుకున్న నీరూ పోతుంది, అన్నం తినగానే తిరిగొస్తుంది. కాబట్టి మీకు తిరిగొచ్చిన బరువులో మొదటి కిలో రెండు కిలోల గురించి బాధపడకండి.

మధ్యాహ్నం వండిన అన్నం 150 గ్రాములు, తూచి పెట్టుకుంటాను. అందులో పిండిపదార్థం 42 గ్రాముల దాకా ఉంటుంది. కంచంలో ముందు కూర వడ్డించుకుంటాను, అన్నం తర్వాతే. బెంగళూరు వంకాయ పెసరపప్పు కూర మా ఇంట్లో వారానికి రెండుసార్లు ఉంటుంది (ఇక్కడివాళ్ళు సీమె బదనెకాయి అంటారు, మార్కెట్లో అలా అడగండి). పొద్దున ఉప్మా లేకుండా రెండు పెసరట్లు, బెల్లం తగ్గించిన అల్లం పచ్చడి. రాత్రి ఒక్క జొన్నరొట్టె, గోంగూర పప్పో కోడిగుడ్డు పొరటో. నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఆఫీసులో నాలుగింటి టీ, బిస్కెట్లు. వాటి బదులు గుప్పెడు వేయించిన పల్లీలు డబ్బాలో తీసుకెళ్ళాను. గుప్పెడే సుమండీ, పల్లీల్లో సగం నూనే.

జవాబు (జయనగర్ నుంచి):
రాగి ముద్దతో జాగ్రత్త. అన్నం మానేశానన్న ధైర్యంతో రోజూ రెండేసి తిన్నాను, రెండు నెలలైనా ముల్లు కదల్లేదు. పీచు, కాల్షియం ఎక్కువే గానీ 100 గ్రాముల రాగిపిండిలో పిండిపదార్థం 70 గ్రాముల దాకా ఉంటుంది. ఒక్కటి చాలు.

జవాబు (వైట్‌ఫీల్డ్ నుంచి):
షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే డాక్టర్‌ని అడగకుండా అన్నం తగ్గించకండి. మా నాన్నగారు మాత్రలు అలాగే వేసుకుంటూ రాత్రి అన్నం మానేశారు. మూడో రోజు చెమటలు పట్టి, చేతులు వణికాయి. చూస్తే షుగర్ బాగా పడిపోయింది. మందు మోతాదు కూడా మార్చాల్సిందని డాక్టర్ చెప్పాకే మాకు తెలిసింది.

ప్రశ్న అడిగినావిడ:
నాకు షుగర్ లేదండి, థైరాయిడ్ మాత్ర ఒక్కటే. అయినా మా డాక్టర్‌ని అడిగే మొదలుపెడతాను. కంచంలో ముందు కూర అన్నారు చూడండి, అది ఇవాళే చేశాను. రెండోసారి అన్నం అడగాలనిపించలేదు. రేపటికి పెసలు నానబోశాను.