పాత బీబీసీ మైక్రో: విడిభాగాలు మార్చి నడపాలా, ఉన్నదున్నట్టు దాచాలా?

తిరువాన్మియూరు వాసి:
మా మేనమామ గారు మద్రాసులో లెక్కల మాస్టారు. బడుల్లో కంప్యూటర్ నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 1984లో ప్రారంభించిన క్లాస్ పథకం కింద బీబీసీ మైక్రోలు (బ్రిటన్‌లో రూపొందిన చిన్న కంప్యూటర్లు) వచ్చినప్పుడు ఆ కంప్యూటర్ గది తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. చాలా ఏళ్లకు బడివారు పాత సామాను వేలం వేస్తే ఒక యంత్రాన్ని ఆయనే పాడుకున్నారు. ఆయన కాలం చేశాక అది, ప్రోగ్రాములు దాచిన ఒక అట్టపెట్టెడు క్యాసెట్లతో సహా నా దగ్గరకు చేరింది. పోయిన నెల స్విచ్ వేయగానే రెండు స్వరాల బీప్ వినిపించి, తెర మీద 'బీబీసీ కంప్యూటర్ 32కె' అన్న అక్షరాలు కనిపించాయి. పావుగంట తిరగకముందే వెనుక నుంచి పొగ వచ్చి, ఇల్లంతా భరించలేని కంపు కమ్మింది. విచిత్రమేమిటంటే, నేను ప్లగ్గు పీకేదాకా యంత్రం నడుస్తూనే ఉంది. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ వీధిలో చూపిస్తే, పవర్ సప్లై మొత్తం పారేసి కొత్తది పెడతామన్నారు. బెంగళూరు మిత్రుడేమో ఒక్క మర కూడా విప్పవద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పాతసామాను:
మీ మిత్రుడి మాటే వినండి. ఆ బోర్డు మీది ప్రతి టంకపు చుక్క, బడివారు రంగుతో రాసిన స్టాకు నంబరు, ఎప్పుడో ఎవరో మరమ్మతు చేసి వదిలిన తీగ ముక్క, ఇవన్నీ ఆ కాలానికి సాక్ష్యాలు. కుంభాభిషేకం ముందు శుభ్రం చేస్తున్నామనుకుంటూ గుడి గోడలను ఇసుక పిచికారీతో రుద్ది శాసనాల అక్షరాలను అరగదీసిన వారి ఉద్దేశం చెడ్డదేమీ కాదు, కానీ పోయిన అక్షరం తిరిగి రాలేదు. బీబీసీ మైక్రో ఎలా నడిచేదో చూడాలనుకుంటే, దాన్ని అనుకరించే ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అది మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది, పొగ రాదు.

టంకంపని:
పాతసామాను గారి గుడి పోలిక బాగుంది కానీ ఇక్కడ అతకదు. శాసనం ముట్టకపోతే అలాగే ఉంటుంది, మీ యంత్రంలోని కెపాసిటర్ (విద్యుత్ చార్జిని నిలిపే భాగం) ఉండదు. మీ పవర్ సప్లైలో మెయిన్స్ కరెంటుకు అడ్డంగా, రేడియో అలజడిని అణచడానికి పెట్టిన రీఫా అనే కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. వాటి పైపూత ఏళ్లు గడిచేకొద్దీ సన్నగా బీటలు వారుతుంది, ఆ బీటల గుండా తేమ లోపలి కాగితానికి చేరుతుంది, ఆ తరువాత 230 వోల్టులు తగిలిన రోజున అది వేడెక్కి పొగై పేలుతుంది. అసలు పనికి అది అవసరం లేదు కనుకనే, అది కాలిపోతున్నా మీ యంత్రం నడుస్తూ ఉంది. వాడకపోతే చెడదన్న ధీమా కూడా వద్దు, ఎందుకంటే సముద్రానికి కూతవేటు దూరంలో, ఉప్పుగాలి ఐసీల (చిప్పుల) కాళ్లను సైతం తుప్పు పట్టించే చోట, అటక మీద ఊరికే ఉన్నా బీటలు వారడం ఆగదు.

కాబట్టి ఆ రెండు రీఫాలను తీసేసి, అదే విలువ గల, మెయిన్స్‌కు అడ్డంగా వాడదగిన ఎక్స్2 తరగతి ఫిల్మ్ కెపాసిటర్లు వేయించండి. ఖరీదు పదుల రూపాయల్లోనే ఉంటుంది. పాతవాటిని కవరులో పెట్టి, తేదీ రాసి, యంత్రంతోపాటే ఉంచండి. పవర్ సప్లై మొత్తం మార్చడానికి మాత్రం ఒప్పుకోవద్దు: ఈ యంత్రానికి 5 వోల్టులతో పాటు మైనస్ 5 వోల్టులు కూడా కావాలి, అది లేని కొత్త సప్లై పెడితే ఇతర పరికరాలకు డేటా పంపే సీరియల్ పోర్టు పనిచేయదు. ఇంకొక మాట, పవర్ సప్లైని విప్పడం కొత్తగా నేర్చుకునేవారి పని కాదు. ప్లగ్గు పీకాక కూడా లోపల చార్జి నిలిచి ఉంటుంది.

పాతసామాను:
ప్రాణాపాయం ఉన్నచోట నేను వాదించను, రీఫాలు తీసేయండి. కానీ ఈ దారి అక్కడితో ఆగదని నా అనుభవం. ఈ రోజు కెపాసిటర్, రేపు క్యాసెట్ బదులు ఎస్‌డీ కార్డు, ఎల్లుండి పసుపు తిరిగిన పెట్టెను తెల్లబరచడానికి పెరాక్సైడ్ స్నానం. చివరికి మీ మామయ్య గారి యంత్రంలో ఆయనది ఏం మిగులుతుంది?

బేసిక్ అభిమాని:
పెరాక్సైడ్ విషయంలో నేను మీతోనే ఉన్నాను, ఆ తెలుపు ఎలాగూ నిలవదు. అయితే నడవని కంప్యూటర్‌ను కంప్యూటర్ అనడానికి నాకు మనసొప్పదు. బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్కులో ఉన్న కంప్యూటింగ్ మ్యూజియంలో సందర్శకులు బీబీసీ మైక్రోల ముందు కూర్చుని స్వయంగా టైపు చేస్తారు. 1951 నాటి హార్వెల్ డెకట్రాన్ అనే కంప్యూటర్‌ను 2012లో మళ్లీ నడిపించిందీ అక్కడే. ఎస్‌డీ కార్డు పరికరాన్ని యూజర్ పోర్టు అనే బయటి సాకెట్‌కు తగిలించి, దాని సాఫ్ట్‌వేర్ ఉన్న చిప్పును ఖాళీ సాకెట్‌లో పెడితే చాలు, బోర్డు మీద ఒక్క టంకమూ కదపనక్కరలేదు. అన్నిటికంటే ముందు క్యాసెట్ల సంగతి చూడండి. ఎమ్యులేటర్‌లో ప్రపంచంలోని ఆటలన్నీ దొరకవచ్చు కానీ మీ మామయ్య గారు రాసినవి ఆ టేపుల మీద తప్ప మరెక్కడా లేవు.

తిరువాన్మియూరు వాసి:
తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత రీఫాలు మార్పించాను. పాతవి కవరులో ఉన్నాయి. తరువాత 'తెలుగు' అని రాసి ఉన్న క్యాసెట్‌ను ముందు ల్యాప్‌టాప్‌లోకి శబ్దంగా రికార్డు చేసి, ఆపైన యంత్రానికి వినిపించాను. రెండు బ్లాకులు (ప్రోగ్రాము ముక్కలు) ఎక్కాక మూడోదాని దగ్గర 'డేటా?' అని ఆగిపోయింది. టేప్ రికార్డర్ హెడ్డు తుడిచి, వాల్యూమ్ తగ్గించి నాలుగోసారి ప్రయత్నిస్తే మొత్తం ఎక్కింది. ఆయన, కొత్త అక్షరాల ఆకారం గీసే వీడీయూ 23 ఆదేశంతో, 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న గళ్లలో తెలుగు అచ్చులు గీశారు. ఒక గడి చాలక ప్రతి అక్షరానికీ రెండేసి గళ్లు వాడారు, 'ఋ'కు మూడు. 'ఔ' తరువాతి వరుసలో 'తలకట్టు ఎక్కడ పెట్టాలి?' అని తనకు తానే ఒక రెమ్ వాక్యం (కంప్యూటర్ పట్టించుకోని గమనిక) రాసుకుని వదిలేశారు.

పాతసామాను గారూ, ఎస్‌డీ కార్డు ఇంకా కొనలేదు. మిగిలిన పదకొండు క్యాసెట్లలో నాలుగింటికి తెల్లటి బూజు పట్టింది. వాటిని ఇలాగే వినిపించవచ్చా?

పాతసామాను:
వద్దు. ఆ బూజు హెడ్డుకు అంటుకుంటే మంచి టేపులు కూడా పాడవుతాయి. వాటిని విడిగా సిలికా జెల్ పొట్లాలతో మూత బిగిసే డబ్బాలో ఆరబెట్టండి. ఆరాక మెత్తటి గుడ్డతో తుడుస్తూ చేత్తో తిప్పాలి. ఆ నాలుగింటినీ చివరకు ఉంచండి, వాటికి వేరే టేప్ రికార్డర్ వాడండి. 'తెలుగు' క్యాసెట్ కాపీ అయింది కదా అని దాని మీద మాత్రం ఇంకేమీ రికార్డు చేయకండి.