బెంగళూరు నుంచి జర్మనీకి శాశ్వతంగా: ముందు ఆపర్చ్యూనిటీ కార్డా, ముందు ఉద్యోగమా?

అనంత_మారతహళ్ళి

అందరికీ నమస్కారం. వయసు 33. జేఎన్‌టీయూ అనంతపురం కింద ఉన్న కాలేజీలో మెకానికల్ బీటెక్, 2013 బ్యాచ్. చదివింది మెకానికలే గానీ పదకొండేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగే, అందులో చివరి ఐదేళ్లు ఆటోమేషన్. మా ఆవిడ ఎంసీఏ, ఆరేళ్ల సర్వీసు ఉంది. పాపకు నాలుగేళ్లు. ఐఎల్‌టీఎస్ 7 వచ్చింది, జర్మన్ ఇంకా మొదలుపెట్టలేదు.

జర్మనీ వెళ్లి అక్కడే స్థిరపడాలని ఇద్దరం గట్టిగా అనుకున్నాం. ఔటర్ రింగ్ రోడ్డులోని ఒక కన్సల్టెన్సీలో అడిగితే ఆపర్చ్యూనిటీ కార్డుకు (అక్కడికి వెళ్లి ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే వీసా) రెండున్నర లక్షలు చెప్పారు, సర్టిఫికెట్ల అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర) కూడా అందులోనే అన్నారు. పాయింట్లు సరిపోతాయి, పనిలో పనిగా ఫ్యామిలీని కూడా తీసుకెళ్లొచ్చు అంటున్నారు. ఇది నిజమేనా? ఏది ముందు, ఏది తర్వాత చేసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

కాగితాల_పని

అన్నా, డబ్బు కట్టకండి. ముందు ఒక్క విషయం తేల్చుకోండి: మీ డిగ్రీని జర్మనీ పూర్తిగా ఒప్పుకుంటుందా లేదా. కార్డుకు ఉన్న రెండు దారుల్లో మీది ఏదన్నది దాన్నిబట్టే తేలుతుంది.

అనాబిన్ అని వాళ్ల ప్రభుత్వ డేటాబేస్ ఉంది, ఉచితం. అందులో రెండు చోట్ల చూడాలి. మొదట సంస్థల విభాగంలో యూనివర్సిటీ పేరు. కాలేజీ పేరు కనబడలేదని కంగారుపడొద్దు, డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీయే లెక్క. పక్కన హెచ్ ప్లస్, అంటే గుర్తింపు ఉందన్న గుర్తు, ఉండాలి. 2008లో జేఎన్‌టీయూ హైదరాబాద్, కాకినాడ, అనంతపురంగా విడిపోయింది కాబట్టి ఏ పేరు మీద నొక్కుతున్నారో మీ ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మీది పేరుతో పోల్చుకోండి. రెండోది డిగ్రీల విభాగం. అక్కడ మీ బీటెక్ ఎదురుగా 'ఎంట్‌ష్‌ప్రిష్ట్' అనో 'గ్లైష్‌వెర్టిగ్' అనో ఉంటే పూర్తి సమానమని అర్థం. 'బెడింగ్ట్ ఫెర్‌గ్లైష్‌బార్' అని ఉంటే సరిపోదు. బాగుంటే రెండు పేజీలూ పీడీఎఫ్ తీసి పెట్టుకోండి.

రెండూ బాగుంటే వాళ్ల చట్టం దృష్టిలో మీరు ఫాక్‌క్రాఫ్ట్, అంటే అర్హత ఉన్న నిపుణుడు. అప్పుడు పాయింట్ల లెక్కే ఉండదు, కార్డు కోసం భాషా సర్టిఫికెట్ కూడా పెట్టాల్సిన పని లేదు. కన్సల్టెన్సీలు ఈ సంగతి చెప్పరు, ఎందుకంటే పాయింట్లు లెక్కపెట్టడమే వాళ్లు అమ్ముకునే పని. అనాబిన్‌లో స్పష్టంగా లేకపోతే జెడ్ఏబీ అనే సంస్థకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి డిగ్రీ పోలిక పత్రం తెప్పించుకోవాలి, ఫీజు 208 యూరోలు.

అదీ కుదరకపోతేనే పాయింట్లు. 6 రావాలి. అంతకంటే ముందు కనీస షరతుగా జర్మన్ ఏ1 గానీ ఇంగ్లిష్ బీ2 గానీ ఉండాలి (భాషా స్థాయిలు ఏ1 నుంచి సీ2 దాకా), అది మీకు ఉంది. ఇక లెక్క: 35 దాటలేదు కాబట్టి 2. ఐఎల్‌టీఎస్ 7 అంటే సీ1, దానికి 1. ఇంజినీరింగ్ కొరత వృత్తుల జాబితాలో ఉంది కాబట్టి 1. ఇక్కడికి 4. ఐదేళ్ల అనుభవానికి 3 ఇస్తారు గానీ అది చదివిన చదువుకు సంబంధించిన అనుభవం అయ్యుండాలి. మెకానికల్ చదివి టెస్టింగ్ చేశారు కదా, అధికారి ఒప్పుకోకపోయే ప్రమాదం ఉంది. ఆ 3 పాయింట్లను నమ్ముకుని ఫైలు పెట్టొద్దు. జర్మన్ బీ1 అయితే 2 పాయింట్లు, అప్పుడు ఎవరి దయా లేకుండా 6 అవుతాయి. ఏ2 అయితే ఒక్కటే.

అపోస్టిల్ మాట. భారతదేశం అపోస్టిల్ ఒప్పందంలో 2005లో చేరింది, కానీ జర్మనీ అభ్యంతరం చెప్పింది. అందువల్ల మన అపోస్టిల్ ముద్ర జర్మనీలో చెల్లదు. డిగ్రీకి, మార్కుల మెమోలకు దాని అవసరమే లేదు. పెళ్లి, పుట్టిన తేదీ సర్టిఫికెట్లను అక్కడి ఆఫీసు అడిగితే కాన్సులేట్ ద్వారా వేరే పద్ధతిలో సరిచూస్తారు. ఆ ముద్రకు డబ్బు తీసుకుంటామన్న చోటు నుంచి లేచి వచ్చేయండి.

ఇందిరానగర్_జర్మన్

పైన చెప్పినదానికి ఒక చేర్పు. పాయింట్లు అక్కర్లేకపోయినా జర్మన్ మానకండి. కార్డు వచ్చినంత తేలిగ్గా ఉద్యోగం రాదు, తేడా అంతా అక్కడే. జర్మన్ నేర్పే గ్యోతె సంస్థ లెక్కలో సున్నా నుంచి బీ1కు 350 నుంచి 650 పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. ఉద్యోగం చేస్తూ అంటే ఏడాది పనే.

ఇందిరానగర్ సీఎంహెచ్ రోడ్డులో గ్యోతె వాళ్ల మాక్స్ ముల్లర్ భవన్ ఉంది, పరీక్షలూ అక్కడే. బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగూ విడి మాడ్యూళ్లు, ఒక్కోదాంట్లో 60 రావాలి. ఒకటి పోతే ఆ ఒక్కటే మళ్లీ రాయొచ్చు. ఏ2లో ఈ వెసులుబాటు లేదు. పరీక్ష సీట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి వీసా తేదీ చూసుకుని కాకుండా పరీక్ష తేదీ చూసుకుని మిగతా ప్లాన్ వేసుకోండి.

లెక్కల_శాస్త్రి

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. బ్లాక్డ్ అకౌంట్‌లో 2025 లెక్కన నెలకు 1,091 యూరోలు, ఏడాదికి 13,092 చూపించాలి; అది నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతా. యూరో వంద రూపాయలు వేసుకుంటే 13 లక్షల పైమాటే. బ్యాంకు నుంచి ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద పంపిస్తారు. ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన భాగంపై 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటారు. దాటింది 3 లక్షలైతే 60 వేలు అదనంగా చేతిలో ఉండాలి. చాలామంది ఇక్కడే తడబడతారు, యూరోలకు సరిపడా ఉంచుకుని టీసీఎస్‌కు లేక ట్రాన్స్‌ఫర్ ఆగిపోతుంది.

ఆ డబ్బు పోదు, రిటర్న్‌లో తిరిగి వస్తుంది. జీతం వస్తుండగానే పంపితే పేరోల్ వాళ్లకు డిక్లేర్ చేసి టీడీఎస్‌లో సర్దించుకోవచ్చు. అసలు పడకుండా చేసుకోవాలంటే కొంత మార్చిలో, మిగతాది ఏప్రిల్‌లో పంపండి. బ్లాక్డ్ అకౌంట్‌లో విడతలుగా వేయొచ్చు, మొత్తం పడ్డాకే కన్ఫర్మేషన్ ఇస్తారు. బ్యాంకు చార్జీలు పోయి 13,070 చేరిందంటే కన్ఫర్మేషన్ రాదు. ఒక 100 యూరోలు ఎక్కువే పంపండి.

అనంత_మారతహళ్ళి

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. అనాబిన్ ఈ రాత్రే చూస్తాను. ఫ్యామిలీ గురించి ఎవరైనా చెప్తారా? భార్య ఉంటే 1 పాయింట్ వస్తుందని కూడా ఆ కన్సల్టెన్సీ వాళ్లు అన్నారు.

రైన్_తీరం

ఆ పాయింట్ మాట సగమే నిజం. భార్యాభర్తలిద్దరికీ కార్డుకు అర్హత ఉండి, ఇద్దరూ కలిసి వెళ్తుంటే ఇద్దరిలో ఒకరికి 1 పాయింట్ ఇస్తారు. అంటే ఆవిడకు వేరే దరఖాస్తు, వేరే 13,092 యూరోలు. ఒక్క పాయింట్‌కు అంత ఖర్చు. డిపెండెంట్‌గా తీసుకెళ్లడమైతే ఈ కార్డు మీద సాధారణంగా కుదరదు. నాలుగేళ్ల పాప ఉంది కాబట్టి మీ నిర్ణయం ఇక్కడే తేలిపోవాలి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మీ పరిస్థితిలో కార్డు రెండో దారి. మొదటి దారి బెంగళూరులో కూర్చునే ఉద్యోగం తెచ్చుకుని బ్లూ కార్డు (నిర్ణీత జీతం పైన ఉన్న నిపుణులకు ఇచ్చే ఉద్యోగ పర్మిట్) మీద వెళ్లడం. బ్లూ కార్డు ఉన్నవాళ్ల భార్యకు వీసా కోసం జర్మన్ ఏ1 అక్కర్లేదు, వెళ్లిన రోజు నుంచి ఆవిడా ఉద్యోగం చేసుకోవచ్చు, పాపకూ ఇబ్బంది ఉండదు.

బ్లూ కార్డులోనూ మీ మెకానికల్ చిక్కు వస్తుంది. మామూలు బ్లూ కార్డుకు ఉద్యోగం చదువుకు తగ్గట్టుండాలి. అయితే ఐటీ వాళ్లకు వేరే తలుపు ఉంది: గత ఏడేళ్లలో కనీసం మూడేళ్ల ఐటీ అనుభవం ఉంటే డిగ్రీ ఏదన్నది అడ్డం కాదు. జీతం ఏడాదికి 2025 లెక్కన కనీసం 43,759.80 యూరోలు ఉండాలి, ఈ అంకె ప్రతి జనవరిలో మారుతుంది. అదీ కాకపోతే 18బీ అనే మామూలు నిపుణుల పర్మిట్ ఉంది. 2023 నవంబరు నుంచి డిగ్రీ ఉన్నవాళ్లు చదివిన రంగంలోనే పనిచేయాలన్న పట్టింపు దానికి లేదు.

ఐటీ తలుపుకు కావలసింది అనుభవ పత్రం. బెంగళూరు కంపెనీల రిలీవింగ్ లెటర్లలో చేరిన తేదీ, వదిలిన తేదీ, హోదా తప్ప ఇంకేమీ ఉండవు. 'సీనియర్ అనలిస్ట్' అన్న రెండు మాటలు చూసి మీరు చేసింది ఐటీ పనో కాదో అక్కడివాళ్లకు ఎలా తెలుస్తుంది? రాజీనామా పెట్టకముందే, మేనేజరు ఇంకా మీ మాట వినే రోజుల్లోనే లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఏ ప్రాజెక్టు, ఏ టూల్స్, ఏ భాషలో స్క్రిప్టులు రాశారు, వారానికి ఎన్ని గంటలు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు. తోడుగా పే స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్ పెట్టండి.

ఇంటర్వ్యూలో జీతం ఎంత కావాలని అడిగితే ఏడాదికి బ్రుట్టో, అంటే కోతలకు ముందు జీతం, చెప్పాలి. మన సీటీసీని యూరోల్లోకి మార్చి చెప్పకండి, అందులో కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కలిసి ఉంటాయి. 90 రోజుల నోటీసు ఉందని మొదటి కాల్‌లోనే చెప్పేయండి. ప్రొబేషన్ మామూలుగా ఆరు నెలలు.

ఆరేడు నెలలు గట్టిగా ప్రయత్నించినా ఆఫర్ రాకపోతే, అప్పుడు మీరొక్కరే కార్డు మీద వెళ్లండి. కార్డు ఏడాది వరకు ఇస్తారు. వారానికి 20 గంటలు ఏ పనైనా చేసుకోవచ్చు, ఒక్కో కంపెనీలో రెండు వారాల వరకు ట్రయల్‌గా పనిచేయొచ్చు. సరైన ఉద్యోగం దొరికాక పర్మిట్ అక్కడే మార్చుకుని భార్యాబిడ్డలను పిలిపించుకోవచ్చు. స్థిర నివాసం లెక్క మాత్రం బ్లూ కార్డు ఉద్యోగం మొదలైన రోజు నుంచే: బీ1 ఉంటే 21 నెలలు, ఏ1 అయితే 27.

కాగితాల_పని

దరఖాస్తు గురించి మిగిలింది చెప్పేస్తాను. కాన్సులర్ సర్వీసెస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఫీజు 75 యూరోలు. ఆధార్‌లో అనంతపురం అడ్రసు ఉంటే ముందు ఆ చిక్కు తీర్చుకోండి. ఆంధ్ర చిరునామాలు చెన్నై కాన్సులేట్ పరిధి, కర్ణాటకలో ఉండేవాళ్లు బెంగళూరు. రెంటల్ అగ్రిమెంటు గడువు దాటకుండా, ఇద్దరి పేర్లతో ఉంటే మంచిది.

పేర్లు చూసుకోండి. మన టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, కొందరికి సర్‌నేమ్ గడే ఖాళీ. పోర్టల్‌లో పాస్‌పోర్టు అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరసల్లో ఎలా ఉంటే అలాగే నింపండి. సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), ఓడీ రెండూ చేతిలో ఉండాలి. ఇంకా ప్రొవిజనల్‌తోనే నెట్టుకొస్తుంటే ఓడీకి ఇవాళే పెట్టుకోండి.

ఇదంతా ఎందుకంటే, 2025 జులై 1 నుంచి వీసా తిరస్కరిస్తే కాన్సులేట్‌కే మళ్లీ మొరపెట్టుకునే పద్ధతి ఎత్తేశారు. ఇప్పుడు ఉన్నవి కొత్త దరఖాస్తు, లేదా బెర్లిన్‌లో కోర్టు. మొదటిసారే ఫైలు నిండుగా ఉండాలి.

లెక్కల_శాస్త్రి

బయల్దేరేముందు ఇక్కడ చక్కబెట్టుకోవాల్సినవి. మేడమ్ ఉద్యోగం మానేస్తే పీఎఫ్ తీసుకున్నా పెన్షన్ భాగం మాత్రం తీయొద్దు. పదేళ్లలోపు సర్వీసుకు డబ్బు చేతికిస్తారు గానీ, ఫారం 10సీలోనే సర్వీసు నిలిపి ఉంచే స్కీమ్ సర్టిఫికెట్ అడగొచ్చు. భారత్, జర్మనీ మధ్య సామాజిక భద్రత ఒప్పందం 2017 మే 1 నుంచి అమల్లో ఉంది, పెన్షన్ అర్హతకు రెండు దేశాల సర్వీసూ కలిపి చూస్తారు. డబ్బు తీసుకుంటే ఆ ఆరేళ్లూ తుడిచిపెట్టుకుపోతాయి.

సేవింగ్స్ ఖాతాలను ఎన్‌ఆర్‌ఓ (ప్రవాసుల ఖాతా)గా మార్చాలి. పీపీఎఫ్ గడువు దాకా నడుపుకోవచ్చు, పొడిగింపు ఉండదు. ఫ్లాటో పొలమో ఉంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడే రిజిస్టరు చేయించి వెళ్లండి. అక్కడి నుంచి చేయాలంటే భారత కాన్సులేట్‌లో సంతకం, మళ్లీ ఇక్కడికి వచ్చాక మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ.

రైన్_తీరం

చివరగా ఇంటి సంగతి. దిగాక రెండు వారాల్లో అన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకంతో 'వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్' అనే ఒక పేజీ కాగితం కావాలి. అది లేకపోతే ట్యాక్స్ నంబరు ఇంటికి రాదు, పర్మిట్ పని కదలదు. తాత్కాలిక గది బుక్ చేసేటప్పుడే ఆ కాగితం ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి, ఇవ్వబోమంటే వంద యూరోలు తక్కువైనా ఆ గది వద్దు. అడ్వాన్సు చట్టప్రకారం మూడు నెలల కోల్డ్ రెంట్ (హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దె) మించకూడదు. ఇల్లు చూడకముందే డబ్బు పంపమన్నారంటే అది మోసమే.

ఆవిడ ఇక్కడే ఉండిపోయినంత కాలం మీకు ట్యాక్స్ క్లాస్ 1 పడుతుంది. వచ్చి నమోదయ్యాక పన్ను తక్కువ కోసే క్లాస్ 3కి మార్చుకోవడానికి వెంటనే అప్లై చేయండి, నెల జీతంలో తేడా కనబడుతుంది.

అనంత_మారతహళ్ళి

అనాబిన్ చూశాను, యూనివర్సిటీ పక్కన హెచ్ ప్లస్ ఉంది, బీటెక్ ఎదురుగా 'ఎంట్‌ష్‌ప్రిష్ట్' అనే ఉంది. రెండూ పీడీఎఫ్ తీసుకున్నాను. కన్సల్టెన్సీకి వద్దని చెప్పేశాను. సోమవారం మేనేజర్‌ని లెటర్ అడుగుతాను, ఏ1 బ్యాచ్‌లో ఇద్దరం చేరుతున్నాం.